కల్పితవాస్తవము – భావనియమనము – రసవిఘ్నములు

తలకు ధరించిన యంత్రముచేత కన్నులకును చెవులకును వేరొక లోకమును గోచరింపజేయు విద్యను వర్చువల్ రియాలిటీ యందురు. ఈ వ్యాసమున దానిని కల్పితవాస్తవమని వ్యవహరింతుము. ఈ విద్య నేడు వినోదమునకే గాక, మనుష్యుని చిత్తస్థితిని మార్చుటకును, భయశోకాదులను అదుపులోనికి దెచ్చుటకును వినియోగింపబడుచున్నది. విభావాదులచేత చిత్తవృత్తిని ఉద్బోధింపజేయుట మన యాలంకారికులు వేయేండ్లకు పూర్వమే సూక్ష్మముగా చర్చించిన విషయము. కావున ఈ యంత్రమును రసనిష్పత్తికి నూతనసాధన మనవచ్చునా, లేక దీని దారి వేఱా యను ప్రశ్న సాహిత్యవిద్యార్థికి సహజముగా కలుగును. దానిని విచారించుటయే మా యుద్దేశము.

ముందుగా విషయస్వరూపమును దెలిసికొందము. 1968లో ఐవన్ సదర్లండ్ అను అమెరికా శాస్త్రజ్ఞుడు, తల త్రిప్పినకొలది దృశ్యము మాఱునట్టి శిరోధార్యయంత్రమును ప్రదర్శించెను. అది కప్పునకు అమర్చిన బరువైన పరికరము. అందు కనిపించినవి గీతలతో నేర్పడిన యాకృతులు మాత్రమే. నేటి యంత్రములు తేలికపడినవి, దృశ్యములు వర్ణమయములైనవి. కాని మూలసూత్రము మాఱలేదు. తల త్రిప్పినపుడు లోకమును దానికి తగినట్లు తిరుగవలెను. అపుడే చూపరి తానొక చిత్రమును చూచుచున్నానని గాక, ఆ చోటనే యున్నానని భావించును. మెల్ స్లేటర్ 2009లో ప్రకటించిన వ్యాసమున ఈ యనుభవమును రెండుగా విభజించెను. ‘నేనిక్కడ నున్నాను’ అనునది స్థలభ్రాంతి. ‘ఇక్కడ జరుగుచున్నది నిజముగా జరుగుచున్నది’ అనునది సంభావ్యతాభ్రాంతి. ఈ రెండును కలిగినపుడు, అంతయు కల్పితమని యెఱిగియు మనుష్యుడు నిజమునందువలెనే ప్రవర్తించునని ఆయన ప్రతిపాదన.

ఈ సూత్రముపై చికిత్సలు వెలసినవి. ఎత్తులనిన భయపడు విద్యార్థులకు కల్పితములైన వంతెనలను, బాల్కనీలను, గాజు లిఫ్టును క్రమక్రమముగా అలవాటు చేయగా భయము తగ్గినదని బార్బరా రాత్‌బామ్ బృందము 1995లో ప్రకటించెను. సియాటిల్‌లో హంటర్ హాఫ్‌మన్, డేవిడ్ పాటర్సన్ అనువారు, కాలినగాయములను శుభ్రపఱచునపుడు రోగులకు కల్పితమైన మంచులోయను చూపిరి. అందు మంచుముద్దలు విసరుచున్న రోగికి తన గాయముపై దృష్టి తగ్గి, బాధయు తగ్గెను. ఇటలీకి చెందిన జుసెప్పె రీవా బృందము 2007లో ఒకే యుద్యానవనమును తీసికొని, వెలుతురు, ధ్వని మొదలగువానిని మార్చి, ఒక తీరున ఆందోళనను, మఱియొక తీరున ప్రశాంతిని కలిగింపగలిగెను. మన పరిభాషలో జెప్పవలెనన్న ఇది ఉద్దీపనవిభావముల మార్పుచేత చిత్తవృత్తిని మార్చుట. అంతేకాక, భావము తీవ్రమైనచోట ‘ఇక్కడ నున్నాను’ అను ప్రతీతియు అధికమైనట్లు వారు గమనించిరి.

ఇట్టి ఫలితములను జూచి, ఇది రసనిష్పత్తియే యని తలచుటకు అవకాశము కలదు. విభావములున్నవి. కంప, స్వేద, రోమాంచాదులైన సాత్త్వికభావములు చూపరి శరీరముననే కనబడుచున్నవి. నాటకశాలలో చూపరికిని రంగమునకును నడుమనున్న దూరము కూడ ఇచట తొలగినది. భరతుడు కోరినది ఇంతకన్న నేమున్నది యని పూర్వపక్షము.

ఈ పూర్వపక్షమునకు సమాధానము అభినవగుప్తుని రసవిఘ్నవిచారముననే లభించుచున్నది. అభినవభారతిలో ఆయన రసప్రతీతికి ఏడు విఘ్నములను జెప్పెను. వానిలో మొదటి మూడును మన ప్రకృతవిషయమునకు మిక్కిలి సన్నిహితములు.

మొదటిది సంభావనావిరహము. ఇది జరుగదగినదే యను విశ్వాసము కలుగనిచో చిత్తము విషయమునందు నిలువదు. ఈ విఘ్నమును తొలగించుటకే కవులు ప్రఖ్యాతనాయకులను గ్రహింతురు. స్లేటర్ చెప్పిన సంభావ్యత ఇట్టిదే. ఇచట యంత్రమును శాస్త్రమును ఏకీభవించుచున్నవి.

రెండవది స్వగత పరగత నియమముతోడి దేశకాలావేశము. ఈ భయము నాది, ఈ చోటు నాది, ఈ క్షణము నాది యని గాని, ఇది ఫలానా వ్యక్తికి జెందినదని గాని నిశ్చయము కలిగినచో, సాధారణీకరణము జరుగదు. జరుగనిచో భావము లౌకికముగనే నిలిచిపోవును. విచారింపగా, యంత్రనిర్మాతలు పరమసిద్ధిగా భావించు స్థలభ్రాంతి అభినవగుప్తుని లెక్కలో రసమునకు ప్రతిబంధకము. ఈ వైరుధ్యమే మా వాదమునకు కీలకము.

అభినవగుప్తుని మతమున ఈ విఘ్నమునకు పరిహారము పూర్వరంగము, ప్రస్తావన, నటుని వేషము, నాట్యధర్మి మొదలగునవి. ఇవన్నియు దూరమును తొలగించునవి గావు, నిలుపునవి. మన కూచిపూడి భామాకలాపమును గమనింపుడు. వేదాంతం సత్యనారాయణశర్మగారు (1935–2012) సత్యభామగా రంగమునకు వచ్చినపుడు, ఆయన పురుషుడని ప్రేక్షకులకు దెలియును. సూత్రధారుడు ఆ రంగముననే నిలిచి మాధవియై మాటలాడుచుండును. ఇవి రసమునకు భంగము గలిగింపలేదు. పైగా ఆ విరహమును ఒక వ్యక్తి సొత్తు గాకుండ జేసి సహృదయులందఱిది గావించినవి. చూపరి ద్వారకలో నున్నానని భ్రమపడి యుండినచో, సత్యభామను ఓదార్పవలెననియో, అక్కడనుండి తప్పుకొనవలెననియో తలచియుండును, ఆస్వాదించియుండడు.

ఇచట ఒక యాక్షేపము రావచ్చును. కల్పితమైన యగాధముటంచున నిలిచినవానికి అది కల్పితమని తెలియునుగదా. శంకుకుడు చెప్పిన చిత్రతురగన్యాయమునకు ఇదియు లక్ష్యము కారాదా? కారాదనియే మా యభిప్రాయము. చిత్రతురగప్రతీతి సత్య మిథ్యా సంశయ సాదృశ్యప్రతీతులకు విలక్షణమైనది. దానిని జూచి యెవ్వడును గుఱ్ఱమెక్క బోడు. అగాధముటంచున నున్నవాడు మాత్రము బుద్ధికి తెలిసినను కాలు వెనుకకు తీయును. ఒకేసమయమున బుద్ధి ఒకటి, దేహము మఱియొకటి నిశ్చయించుచున్నవి. అచట చూపరి సహృదయుడు గాడు. భయమునకు తానే యాశ్రయము. చికిత్సకు కావలసినది అదియే. లౌకికమైన భయము లౌకికముగనే ఉదయించి, అపాయము లేదని యనుభవమున దెలిసి, లౌకికముగనే శమింపవలెను. కావున ఈ వివేచనము వైద్యుల ప్రయత్నమునకు నిందగాదు. ఆ ఫలితమునకు రసమను పేరుపెట్టుటయే దోషము.

ఈ పేరు కేవలము పాండిత్యవిషయము గాదనుటకు ఒక యుదాహరణము చాలును. 2020లో దక్షిణ కొరియాలోని ఎం.బి.సి. టెలివిజను, మరణించిన బిడ్డ రూపమును కల్పించి, ఆ తల్లికి యంత్రమును తొడిగి, ఆమె బిడ్డను చేతితో తాకబోవు దృశ్యమును ప్రసారము చేసెను. ఆ తల్లికి ఉపశాంతి కలిగినదా, వ్రణము రేగినదా యని దూరమున నుండి తీర్పుచెప్పుటకు మాకధికారము లేదు. కాని ఆమె యనుభవించినది శోకము. దానిని దెరపై జూచి కన్నీరు విడిచినవారును కరుణరసమును ఆస్వాదించిరనుట సందేహాస్పదము. ఏలనన, ఆ శోకము ఫలానా తల్లిదని వారెఱుగుదురు. కరుణము శోకమును సాధారణీకరించి భరింపదగినదిగా జేయును. ఈ భేదమును మఱచినచో, ఒకరి దుఃఖమును ప్రదర్శనవస్తువుగా జేసి కళయని సమర్థించుట సులభమగును. లౌకికశోకమును కదలించు యంత్రమును వైద్యమునకు చెల్లు నియమములచేతనే పరీక్షింపవలెను. కళకు చెల్లు స్వేచ్ఛ దానికి వర్తింపదు.

మూడవ విఘ్నము నిజసుఖాదివివశీభావము. తన సొంత సుఖదుఃఖములతో నిండిన చిత్తము కావ్యమునకు చోటీయదు. దీనికి వాద్యము, గానము, విచిత్రమైన మండపము మొదలగువానిని అభినవగుప్తుడు పరిహారముగా జెప్పెను. అనగా చూపరి చిత్తస్థితిని చుట్టునున్న పరిసరముచేత సరిదిద్దుటను మన ప్రాచీనులెఱుగుదురు. కాని దానిని రసమనక, రసమునకు ద్వారమనిరి. కల్పితోద్యానమును, మంచులోయయును ఈ స్థానమున నిలుచునవి. జేమ్స్ గ్రాస్ 1998లో భావనియమనమునకు ఐదు మార్గములను జెప్పెను: పరిస్థితిని ఎన్నుకొనుట, దానిని మార్చుట, దృష్టిని మరల్చుట, అర్థమును వేఱుగా గ్రహించుట, కలిగిన వికారమును సవరించుట. వీనిలో మొదటి మూడును యంత్రమునకు సులభసాధ్యములని మేము తలతుము. నాలుగవదియైన అర్థాంతరగ్రహణము చూపరి మనస్సుననే జరుగవలసినది. కావ్యము ప్రధానముగా పనిచేయునది ఈ నాలుగవ మార్గముననే.

అట్లైన కల్పితవాస్తవమున కళకు చోటే లేదా? కలదు. కెనడాకు జెందిన షార్ డేవీస్ 1995లో రచించిన ఆస్మోస్ దీనికి నిదర్శనము. అందు చేతితో నడుపు పరికరము లేదు. శ్వాస పీల్చిన పైకి తేలుదుము, విడిచిన క్రిందికి దిగుదుము. చెట్టు, కొలను, ఆకు, భూగర్భము అన్నియు స్ఫుటమైన యంచులు లేక, ఒకదానిగుండ ఒకటి కనబడునట్లు పారదర్శకముగా నుండును. డేవీస్ యథార్థరూపానుకరణమును బుద్ధిపూర్వకముగనే విడిచెను. చూపరి ఇచట ఫలానా చోట నున్నాననుకొనడు. లోపల వెలుపల యను భేదమే సడలును. దేశకాలావేశమును పెంపక సడలించినందుననే, ఇతర యంత్రరచనలకన్న ఈ కృతి సాధారణ్యమునకు సమీపించినది. సాధనము దోషి గాదు. దానిని ప్రయోగించు దృష్టియే గుణదోషములకు మూలమని దీనివలన దేలుచున్నది.

ఇంతవఱకు జేసిన విచారమువలన రెండు విషయములు సిద్ధించుచున్నవి. కల్పితవాస్తవము చిత్తస్థితిని మార్చగలదు. ఆ మార్పు లౌకికభావపరిధికి జెందినది. రసమునకు అది ద్వారము కావచ్చునేగాని రసము కానేరదు. స్థలభ్రాంతి యెంత సంపూర్ణమైన కళ యంత సంపూర్ణమను మతము నిలువదు. కళ కోరునది ఆ భ్రాంతికి తగిన మేర. రసభావశబ్దములను నూతనవిషయములకు అన్వయింపదలచిన పరిశోధకులు, ముందుగా ఆశ్రయుడెవడు, సహృదయుడెవడు, భావము ఎవనిది యను మూడు ప్రశ్నలను వేసికొందురేని, మన శాస్త్రమునకును గౌరవము, నూతనవిద్యకును న్యాయము జరుగునని మా విశ్వాసము.