మేకుల మధ్య ఆరు అంగుళాలు

అమెరికాలో ఇంటి బీమా తగాదాలను పరిశీలిస్తే, నష్టం జరిగిందా లేదా అన్నదానికంటే, జరిగిన నష్టాన్ని ఏ స్థాయికి సరిచేయాలన్నదే ఎక్కువ చిక్కు తెచ్చిపెడుతుందని తెలుస్తుంది. నష్టానికి ముందున్న ఇంటిని అదే రకం, అదే నాణ్యత గల సామగ్రితో బాగుచేయిస్తానని పాలసీ మాట ఇస్తుంది. ఆ ఇల్లు కట్టిన తరువాత మారిన బిల్డింగ్ కోడ్, అంటే నిర్మాణ నియమావళి, దానిని అదే తీరున మళ్లీ కట్టనివ్వదు. చట్టం అమలు వల్ల పెరిగే ఖర్చుకు బీమా వర్తించదన్న మినహాయింపు ఈ సందులోనే కూర్చుంది. గాలివాన చేసిన నష్టం వేరు, ప్రభుత్వ నిబంధన వల్ల పడే ఖర్చు వేరు అన్న కంపెనీల వాదనను తర్కంతో తోసిపుచ్చడం కష్టం, కప్పు ఎగిరిపోయిన ఇంట్లో నిలబడి ఒప్పుకోవడం అంతకన్నా కష్టం.

1992 ఆగస్టు 24న ఆండ్రూ తుపాను దక్షిణ ఫ్లోరిడాను కుదిపేసిన తరువాత శిథిలాలను పరిశీలించినప్పుడు, కప్పు కింది ప్లైవుడ్ పలకలను వాసాలకు బిగించాల్సిన స్టేపుల్ పిన్నులు ఎన్నో చోట్ల వాసానికి తగలకుండా పక్క నుంచి దిగిపోయి కనిపించాయి. ఆ పాఠం ఫలితంగా 2002 మార్చి 1 నుంచి రాష్ట్రమంతటికీ ఒకే నియమావళి అమలులోకి వచ్చింది. ఇప్పుడు పాత ఇంటి షింగిల్స్‌ను, అంటే కప్పు మీద పొరలుగా పరిచే తారు పలకలను, ఊడదీసి మార్చే కాంట్రాక్టరు, కింది ప్లైవుడ్‌ను ఒంటి నిండా గాట్లున్న మేకులతో ఆరేసి అంగుళాల ఎడంలో మళ్లీ బిగించి, నీరు దిగకుండా రెండో రక్షణ పొర వేయాలి. నష్టాన్ని లెక్కగట్టే అడ్జస్టర్ అంచనా పత్రంలో షింగిల్స్‌కు ఒక వరుస ఉంటుంది, మేకులకు ఉండదు. గాలి మేకులను పీకలేదు కదా అన్నది అతని లెక్క. అవి కొట్టనిదే ఇన్‌స్పెక్టర్ సంతకం పెట్టడన్నది కాంట్రాక్టరు లెక్క.

పన్నెండు నెలల్లో కప్పులో 25 శాతానికి మించి మరమ్మతు చేస్తే మొత్తం కప్పును ప్రస్తుత నియమావళికి తీసుకురావాలన్న నిబంధన దీనికి తోడైంది. కప్పు మీద సుద్దతో గళ్లు గీసి దెబ్బతిన్న పలకలను ఒక్కొక్కటిగా లెక్కపెట్టే పనికి ఇంత విలువ వచ్చింది అందుకే; రెండు శాతం తేడాతో చిన్న మరమ్మతు కాస్తా కొత్త కప్పు ఖర్చుగా మారుతుంది. 2007 నియమావళికి గాని, ఆ తరువాతివాటికి గాని లోబడి వేసిన కప్పుల విషయంలో మరమ్మతు చేసిన భాగం సరిపోతే చాలని 2022 మేలో శాసనసభ సడలించింది. అంతకు ముందటి కప్పులకు ఈ సడలింపు లేదు.

మినహాయింపు వదిలిన గుంతను పూడ్చేది 'ఆర్డినెన్స్ ఆర్ లా' అనే అదనపు రక్షణ. విస్తృతంగా వాడే హెచ్ఓ-3 నమూనా పాలసీలో అది ఇంటి బీమా మొత్తంలో 10 శాతం. ఫ్లోరిడా చట్టం మాత్రం కంపెనీలు 25, 50 శాతాల రక్షణ ఇవ్వజూపాలని, యజమాని రాతపూర్వకంగా వద్దనకపోతే 25 శాతం ఎంచుకున్నట్టే భావించాలని చెబుతుంది. ఈ మొత్తం వ్యవహారంలో ఇంటివాడి తరఫున ఆలోచించిన నిబంధన ఏదైనా ఉంటే అది ఇదే. రుణదాత అడిగాడు కనుక బీమా తీసుకుని, ఆ కాగితాలను కొనుగోలు పత్రాల కట్టలో పెట్టి మరచిపోయే ప్రవాస తెలుగు కుటుంబాలు కూడా పాలసీ మొదటి పుటల్లో వెతకదగిన వరుస ఇది.

ఆ డబ్బయినా ఊరికే రాదు. ఇల్లు పూర్తిగా నష్టపోయిన సందర్భంలో సైతం నిబంధనల వల్ల అదనపు ఖర్చు నిజంగా పడినట్టు చూపాలని 2007లో ఫ్లోరిడా సుప్రీంకోర్టు తేల్చింది. మొదట చేతికి అందేది సాధారణంగా వాస్తవ నగదు విలువ, అంటే కొత్తదాని ధరలో వయసుకు తగిన తరుగును, యజమాని భరించాల్సిన డిడక్టిబుల్‌ను తీసేయగా మిగిలిన మొత్తం. డబ్బు లేనిదే పని మొదలు కాదు, పని మొదలు కానిదే మిగతా డబ్బు కదలదు.

పరిహారం ఎంతన్నదానిపై పేచీ వస్తే అప్రైజల్ అనే మార్గముంది. కంపెనీ, యజమాని చెరొక మదింపుదారును నియమించుకుంటే, ఆ ఇద్దరూ కలిసి ఒక మధ్యవర్తిని ఎంచుకుంటారు, ముగ్గురిలో ఏ ఇద్దరు ఒప్పుకున్నా ఆ అంకె ఖాయమవుతుంది. అయితే మేకులకు అసలు బీమా వర్తిస్తుందా అన్నది అంకె గురించిన ప్రశ్న కాదు కనుక అది కోర్టుకు వెళ్తుంది. ఒకే అంచనా పత్రంలోని రెండు వరుసలు రెండు దారులు పడతాయి.

వరద బీమాది మరో లెక్క. సమాఖ్య ప్రభుత్వ పథకం కింద, వరద ముప్పున్న ప్రాంతంలో మరమ్మతు ఖర్చు ఇంటి మార్కెట్ విలువలో సగానికి చేరితే దానిని ప్రస్తుత నిబంధనల మేరకు మార్చాలి, చాలాచోట్ల ఇంటినే పైకెత్తాలి. దానికోసం 30 వేల డాలర్ల వరకు విడిగా ఇస్తారు. కాని ఆ సాయం, ఇంటి పరిహారం కలిపి 2.5 లక్షల డాలర్లు దాటకూడదు కనుక, ఇల్లు పూర్తిగా మునిగి పరిమితి మొత్తం వాడుకున్న యజమానికి ఎత్తు పెంచాలన్న ఆదేశం అందుతుంది గాని, ఎత్తు పెంచే డబ్బు అందదు.