ఒక మాటకు ఒక మాట చాలునా?
ఇంగ్లీషు, నార్వీజియను భాషలలో అపాయ పదాల పరిశీలన

శాస్త్రంలో పారిభాషిక పదం తూనికరాయి వంటిది. రాయి తప్పయితే తూకం తప్పుతుంది. మాట తప్పయితే ఆలోచనయే తప్పుతుంది. అపాయాన్ని గూర్చిన పదాల విషయంలో ఈ తప్పు ప్రాణాల మీదికి రావచ్చు. ఇంగ్లీషు పదాలను నార్వీజియను పదాల ప్రక్కన పెట్టి చూస్తే ఈ సంగతి చక్కగా తెలుస్తుంది.

ఇంగ్లీషులో శాస్త్రజ్ఞులు ‘హజార్డు’, ‘రిస్కు’ అనే రెండు మాటలను వేరుచేసి వాడతారు. హాని చేయగల వస్తువు గాని, పరిస్థితి గాని హజార్డు. ఆ హాని జరిగే అవకాశమెంత, జరిగితే నష్టమెంత అనే రెండింటినీ కలిపి చూచినది రిస్కు. పాఠశాల ప్రయోగశాలలో గాఢ గంధకామ్లం సీసా బీరువాలో తాళంవేసి ఉన్నా హజార్డే, బల్ల అంచున మూతలేకుండా ఉన్నా హజార్డే. ఆమ్లం మారలేదు, రిస్కు మాత్రం అనేక రెట్లు పెరిగినది.

నార్వీజియనులో రిస్కుకు ‘రిసికో’ అనే మాట ఉన్నది. రెండింటికీ మూలం ఇటాలియను భాషయే. ఒకటి ఫ్రెంచి మీదుగా, రెండవది జర్మను మీదుగా ప్రయాణించినవి. ఇక్కడ చిక్కు లేదు. చిక్కు అంతా హజార్డు దగ్గర. నార్వీజియనులో ‘హసార్డ్’ అనే తోబుట్టువు ఉన్నది గాని, దానికి జూదం, తెగింపు అని అర్థం. పూర్వపు ఫ్రెంచిలో ఈ మాట పాచికల ఆటకు పేరు. నార్వే ఆ పాత అర్థాన్నే నిలుపుకున్నది. కనుక హజార్డుకు అక్కడ ‘ఫారె’ అని వాడతారు. అయితే ‘డేంజరు’ను కూడ ఫారె అనే అంటారు. రసాయనాల సీసాల చీటీమీద ఇంగ్లీషులో ‘డేంజరు’ అని హెచ్చరించేచోట నార్వేలో ‘ఫారె’ అని ఉంటుంది. హజార్డు వాక్యాలకు పెట్టిన పేరులోనూ ఫారెయే ఉన్నది. మొదటిది హెచ్చరిక, రెండవది వస్తువు గుణం. ఒకే మాట రెండు పనులూ చేయవలసి వచ్చినది.

దీనిని లోపమని తీర్పుచెప్పి ఊరుకోవడం న్యాయం కాదు. సమాసాలు కట్టే శక్తితో నార్వీజియను ఈ కొరతను చాలవరకు తీర్చుకున్నది. మెత్తని బంకమట్టి జారిపడే ప్రాంతాలను అక్కడి జలవనరుల శాఖ పటాలలో గుర్తించేటప్పుడు ‘ఫారెగ్రాద్’ అని జారే అవకాశానికి ఒక తరగతి, జారితే కలిగే పరిణామానికి ఒక తరగతి, రెండూ కలిపి ‘రిసికో’కు ఒక తరగతి ఇస్తారు. ఎవరూ నివసించని లోయలో మొదటిది ఎక్కువై మూడవది తక్కువ కావచ్చు. ఈ విభజన కేవలం పండితుల కోసం కాదు. 2020 డిసెంబరు 30న యెర్ద్రుమ్‌లో ఇటువంటి మట్టి జారి 10 మంది మరణించారు. వాగు నేలను కోయడమే దానికి ముఖ్యకారణమని విచారణ సంఘం తేల్చినది. వాగు కోత ఫారెను పెంచుతుంది. ఆ నేలమీద కట్టిన ఇండ్లు రిసికోను పెంచుతాయి. మాటలు కలిసిపోతే ఈ రెండు కారణాలూ కలిసిపోతాయి.

ఇంతకంటె గట్టి చిక్కు ‘సిక్కర్హేట్’ అనే మాటది. ఇంగ్లీషులో యంత్రం విరిగిపోకుండా చూచేది ‘సేఫ్టీ’, దుండగుల నుండి కాపాడేది ‘సెక్యూరిటీ’. నార్వీజియనులో రెండూ సిక్కర్హేటే. 1980 మార్చి 27న ఉత్తర సముద్రంలో అలెగ్జాండర్ కీలాండ్ అనే తేలుడు వేదిక తలక్రిందులై 123 మంది మరణించారు. ఒక చిన్న అతుకు వద్ద మొదలైన పగులు దానికి మూలం. 2011 జూలై 22న ఒకే వ్యక్తి చేసిన దాడులలో 77 మంది హతులయ్యారు. పగులుకు ఉద్దేశం లేదు. దాడికి ఉద్దేశం ఉన్నది. ఉక్కు అలసటను ప్రయోగాలతో లెక్కకట్టవచ్చు. శత్రువు మాత్రం మన ఏర్పాట్లను చూచి తన పన్నాగాన్ని మార్చుకుంటాడు. రెండు విభిన్న సమస్యలను ఒకే మాట కప్పివేస్తే ఒకదాని లెక్కలను రెండవదానికి అంటగట్టే ప్రమాదం ఉన్నది. అందుకే కొన్ని రంగాలలో రెండవదానికి ‘సిక్రింగ్’ అని వేరే మాట వాడుతున్నారు. ఇది మెచ్చదగిన మార్గం.

సిక్కర్హేట్‌కు ‘నిశ్చయం’ అనే మూడవ అర్థం కూడ ఉన్నది. కనుక ‘ఉసిక్కర్హేట్’ అంటే అనిశ్చయమూ కావచ్చు, అభద్రతయూ కావచ్చు. 2009 నాటి అంతర్జాతీయ ప్రమాణం రిస్కును ‘లక్ష్యాలపై అనిశ్చయం చూపే ప్రభావం’ అని నిర్వచించినది. మాటకు మాటగా నార్వీజియనులో పెడితే సామాన్య పాఠకుడు ‘అభద్రత చూపే ప్రభావం’ అని కూడ చదువుకోవచ్చు. అనువాదం నమ్మకమైనదే, అర్థం మాత్రం జారుతున్నది.

ఇంగ్లీషుకు లేని ఒక సొగసు కూడ నార్వీజియనులో కలదు. ‘త్రిగ్’ అంటే నిర్భయంగా, నమ్మకంతో ఉండడం. సిక్కర్ వస్తువు స్థితిని చెబితే త్రిగ్ మనిషి మనస్సును చెబుతుంది. యెర్ద్రుమ్ విచారణ సంఘం 2022లో ఇచ్చిన రెండవ నివేదిక శీర్షికలో ‘నేల’ ప్రక్కన చేరినది ఈ మాటయే. ఇంగ్లీషులో రెండింటికీ ‘సేఫ్’ అనే అంటారు.

మాటలు తడబడేచోట అంకెలు ఆదుకుంటాయి. నార్వే గృహనిర్మాణ నిబంధనలు కొండచరియల విషయంలో కట్టడాలను మూడు తరగతులు చేసి, సంవత్సరానికి 1/100, 1/1000, 1/5000 అని సంభావ్యత హద్దులు పెట్టినవి. 1/1000 అంటే వేయి సంవత్సరాలకు ఒకసారి లెక్కతప్పక వస్తుందని కాదు. 50 ఏండ్లు నిలిచే ఇంటికి ఆ అవకాశం సుమారు నూటికి 5. ఈ లెక్కను విద్యార్థులు స్వయంగా చేసి చూడవచ్చు.

తెలుగు పరిస్థితి నార్వీజియనుకు దూరం కాదు. సంస్కృతంలో ‘ప్రమాదం’ అంటే ఏమరుపాటు. తెలుగులో జరిగిపోయిన బస్సు దుర్ఘటనా ప్రమాదమే, జరుగబోయే కీడూ ప్రమాదమే. రోడ్డు భద్రత, సరిహద్దు భద్రత అనడంలో సేఫ్టీ, సెక్యూరిటీ రెండూ ఇమిడి ఉన్నవి. కొత్త పదాలు పుట్టించినంత మాత్రాన ఈ చిక్కు తీరదు. హాని చేయగలది ఏది, అది జరిగే అవకాశమెంత, జరిగితే నష్టమెంత, దాని వెనుక ఎవరి ఉద్దేశమైనా ఉన్నదా అనే నాలుగు ప్రశ్నలను ఉపాధ్యాయులు తరగతిలో విడదీసి అడిగించవలెను. వాటికి విడివిడిగా జవాబు చెప్పగల విద్యార్థికి మాట ఏ భాషదైనా తలపు తప్పదు.