నాకు నచ్చని జంట

యద్దనపూడి సులోచనారాణిగారి 'సెక్రటరీ' మొదటిసారి చదివినప్పుడు నేను బి.కాం. చదువుతున్నాను. అట్ట చిరిగిన అద్దె పుస్తకం. ఆ రోజుల్లో రాజశేఖరమంటే నాకు అసూయ.

ఈ మధ్య పళవేర్కాట్లో మా ఇంట్లోనే దాన్ని మళ్ళీ చదివాను, ఈసారి పైకి. మా అమ్మాయికి తెలుగు మాట్లాడను వస్తుంది, చదవను రాదు. బడిలో అంతా తమిళమే. నాలుగో రోజు అడిగింది: "జీతమిచ్చే మనిషి మనసులో మాట చెప్పకుండా సతాయిస్తే అది ప్రేమ ఎట్లవుతుంది నాన్నా?"

జవాబు తోచలేదు. జయంతి బామ్మ చాటున పెరిగిన పేదపిల్ల, ఉద్యోగం ఆమెకు అవసరం. రాజశేఖరం ధనికుడు, యజమాని. అతని మౌనాన్ని రచయిత్రి గాంభీర్యమన్నారు. పైఅధికారి మౌనం కింది ఉద్యోగిని ఎంత నలుపుతుందో బ్యాంకులో చూసినవాణ్ణి, నేను అనలేను.

జయంతి మీదా కోపమే. అనుమానం వస్తే అడగదు, ముఖం తిప్పుకుంటుంది. ఒక్క ప్రశ్నతో తీరే అపార్థానికి ఇన్ని పేజీలా? 1976 నాటి సినిమాలో అక్కినేని, వాణిశ్రీ ఈ మొండితనాన్ని కాస్త ముద్దుగా చేశారు. పుస్తకంలో ఆ సాయం లేదు.

అయితే 1960లలో ఆఫీసులో తల ఎత్తుకు నిలబడ్డ పిల్లకు ఆ బిగువు తప్ప వేరే ఆస్తి ఏముంది? ఇది మా అమ్మాయి మాట, నాది కాదు. సంభాషణల పరుగు మాత్రం తగ్గలేదు. ఇద్దరినీ తిట్టుకుంటూనే చివరిదాకా విన్నది.

మరునాడు పుస్తకం తెచ్చి అక్షరాలు చూపించమంది. 'జయంతి'తో మొదలుపెట్టాము.