రజని నుంచి పటంలోకి: ప్రియా టెండూల్కర్

టెలివిజన్ నటీమణుల గురించి విమర్శ రాయడం మన పత్రికల్లో ఆనవాయితీ కాదు. నాటకాన్నీ, కొంతవరకు సినిమానీ కళగా గుర్తించి చర్చించిన మన విమర్శకులు టెలివిజన్‌ను కాలక్షేపం పద్దులో వేసి ఊరుకున్నారు. అక్కడ వచ్చేది చాలావరకు కాలక్షేపమే, నిజమే. కానీ స్త్రీ ఎలా ఉండాలో నట్టింట్లోకి వచ్చి తీర్పు చెప్పే ప్రక్రియ సాహిత్య విద్యార్థికి పట్టకపోతే ఎలా? ప్రియా టెండూల్కర్ (1954-2002) నటజీవితాన్ని ఈ దృష్టితోనే పరిశీలించాలి.

తెరమీద ఆమె తొలినాళ్ళ పాత్ర ఒకటి తెలంగాణ పల్లెకు చెందినది. 1974లో శ్యాం బెనెగల్ తీసిన 'అంకుర్'లో భూస్వామి కొడుకు సూర్యకు భార్య సరు ఆమె. కాపురానికి వచ్చిన ఆ పిల్ల, దళిత స్త్రీ లక్ష్మి ఆ ఇంట్లో మెసలడాన్ని సహించదు. షబానా ఆజ్మీ నటన ముందు ఈ చిన్న పాత్ర మరుగున పడిపోయింది. కానీ పితృస్వామ్యం తన ఇంటికి కాపలా ఆడదాని చేతనే ఎలా కాయించుకుంటుందో తెలుసుకోవాలంటే సరును చూడాలి.

ఆమెకు దేశమంతటా పేరు తెచ్చింది 'రజని'. 1985లో బాసు చటర్జీ దర్శకత్వంలో దూరదర్శన్‌లో వచ్చిన ధారావాహిక అది. రజని సామాన్య గృహిణి. గ్యాస్ సిలిండర్ తెచ్చేవాడి దబాయింపు, టాక్సీవాడి మొండితనం, ఆఫీసుల్లో నిర్లక్ష్యం - అందరూ గొణుక్కుని సరిపెట్టుకునే చోట ఆమె కొంగు బిగించి ఎదురు నిలుస్తుంది. టాక్సీ డ్రైవర్లు ఈ ధారావాహికపై నిరసనకు దిగారు. ఒక కల్పిత పాత్ర మీద వీధిలో నిరసన జరిగిందంటే అది ఎక్కడో తగిలిందన్నమాట.

ఎక్కడ తగిలిందన్నదే అసలు ప్రశ్న. రజని కోపం ఎక్కువగా కిందిమెట్టు మీదివాళ్ళ మీదే విరుచుకుపడింది. టాక్సీ నడిపేవాడూ, సిలిండరు మోసేవాడూ కూడా ఈ వ్యవస్థలో నలిగేవాళ్ళే. గ్యాసు ఎందుకు కొరత, ఆ కొరతతో లాభపడేదెవరు అని అడిగితే కథ అరగంటలో ముగియదు. ముగియాలి కనుక ఆమె అడగలేదు. పైగా ప్రాయోజకుల సొమ్ముతో నడిచే కార్యక్రమంలో వినియోగదారు తిరుగుబాటు ఎంతదూరం పోగలదు? దాన్ని మధ్యతరగతి సంస్కరణవాదం అంటే కాదనలేం.

అయితే అంతటితో తీర్పు చెప్పేసి లేచిపోవడం విమర్శ కాదు. వినియోగదారుల పరిరక్షణ చట్టం 1986లో వచ్చింది. రజని వల్లనే వచ్చిందనడం అమాయకత్వం. కానీ చట్టం కంటే ముందే, ఫిర్యాదు చేయడం గయ్యాళితనం కాదనీ, అది హక్కనీ ఆ పాత్ర ఇల్లాళ్ళకు చూపించింది. కథ బలహీనపడిన చోట కూడా నటి కంఠం, నిలుచున్న తీరు పాత్రను నిలబెట్టాయి. రజని గొంతులో బతిమాలే ధోరణి లేదు.

ఆమె తండ్రి విజయ్ టెండూల్కర్ అన్న సంగతి అందరికీ తెలిసిందే. ఆయన 'శాంతతా! కోర్ట్ చాలూ ఆహే' నాటకంలో (1967) బేణారే కూడా మధ్యతరగతి స్త్రీయే, బడిపంతులమ్మ. ఉత్తుత్తి విచారణ పేరుతో తోటివాళ్ళే ఆమెను బోనెక్కిస్తారు. చివర ఆమె మాట్లాడుతుంది, కానీ అప్పుడు చుట్టూ ఉన్నవాళ్ళు కొయ్యబొమ్మల్లా బిగుసుకుపోయి ఉంటారు. తండ్రి సృష్టించిన స్త్రీ మాట ఎవరికీ వినపడదు. కూతురు ధరించిన స్త్రీ మాట్లాడితే పని జరిగిపోతుంది. మొదటిది సత్యానికి దగ్గర. రెండోది ఆశకు దగ్గర. రెండూ అవసరమే అంటాను.

ఆ తర్వాత జరిగింది చూడండి. 1995లో జీ టీవీలో 'హమ్ పాంచ్' మొదలైంది. అందులో ప్రియా టెండూల్కర్ పాత్ర చనిపోయిన మొదటి భార్య. గోడకు తగిలించిన పటంలోంచే భర్తతో మాట్లాడుతుంది, దెప్పుతుంది, నవ్విస్తుంది. ఆమె హాస్యం చక్కనిదే. కదలడానికి వీల్లేని చోట కళ్ళతో, పెదవి విరుపుతో నెట్టుకురావడం సామాన్యమైన పని కాదు. కానీ పదేళ్ళ కిందట వీధిలో నిలబడి జవాబు అడిగిన మనిషికి టెలివిజన్ ఇచ్చిన చోటు పటం! ఎవరూ కుట్ర పన్ని చేసింది కాదిది. ప్రైవేటు చానళ్ళ మార్కెట్టుకు వీధి అక్కరలేదు, ఇల్లు చాలు. 'హమ్ పాంచ్' నిర్మించిన బాలాజీ సంస్థే 2000లో 'క్యోంకీ సాస్ భీ కభీ బహూ థీ' తెచ్చింది. అక్కడి నుంచి అత్తాకోడళ్ళ పోరు గడప దాటలేదు. గ్యాసు ధర ఎంతో ఆ ఇళ్ళలో ఎవరూ అడగరు.

పటంలో ఇమిడిపోయే మనిషి కాదు ఆమె. తన పేరుతోనే నడిచిన 'ప్రియా టెండూల్కర్ షో'లో మనుషులను ఎదుట కూర్చోబెట్టి ప్రశ్నలడిగింది. అంతకంటే ముఖ్యం, మరాఠీలో కథలు రాసింది. 2002 సెప్టెంబరు 19న, 47 ఏళ్ళకే కన్నుమూసింది. ఇతరులు రాసిన సంభాషణలు చెప్పిన నటి, తన మాటగా ఏం రాసిందో ఆ కథల్లో ఉంటుంది. వాటిని రజని పక్కన పెట్టి చదివే పని మరాఠీ వచ్చిన మనవాళ్ళెవరైనా చేపట్టాలి.