ముందు పంట దాచి ఇచ్చే బలం

గాలిలోని నత్రజనిని పట్టి పొలానికిచ్చే నీలి ఆకుపచ్చ నాచును పెంచడం తేలిక. దాని చేత పని చేయించుకోవడమే కష్టం.

పెంచడానికి ఎండ తగిలే చోట 2 మీటర్ల పొడవు, మీటరు వెడల్పు తొట్టి చాలు. అడుగున 10 కిలోల జల్లెడ పట్టిన మట్టి, 200 గ్రాముల సూపర్ ఫాస్ఫేట్ వేసి నీళ్లు పెట్టాలి. నీరు తేరుకున్నాక నీలి ఆకుపచ్చ నాచు కల్చర్ పైన చల్లాలి. సుమారు రెండు వారాల్లో మందంగా అల్లుకుంటుంది. తర్వాత నీళ్లు పోయడం ఆపేస్తే ఎండి పెచ్చులుగా లేస్తుంది. ఏరి సంచుల్లో దాచుకోవడమే. మా పెరట్లో నేను చేసేదీ ఇదే. మధ్యలో దోమపిల్లలు నాచును తినేయకుండా చూసుకోవడమే అసలు కాపలా.

వరి నాటిన వారం పది రోజులకు ఎకరానికి 4 కిలోలు చల్లుతాం. బాగా అంటుకుంటే ఎకరానికి సుమారు 10 కిలోల నత్రజని అందుతుందని అంచనా. అంటే అర బస్తా యూరియా!

ఆదిలాబాద్ వైపు గోధుమ వేసే మిత్రుడు అడిగాడు: "అన్నా, ఇది నా చేన్ల చల్లితే పనిచేస్తదా?"

గోధుమ ఆరుతడి పంట. ఈ నాచుకు కావలసింది నిలవ నీరు. పొడి నేలలో చల్లితే చావదు గానీ పెద్దగా పెరగదు. అయినా గోధుమకు దీని సాయం అందే దారి ఒకటుంది. గంగా మైదానంలో వానాకాలం వరి కోసిన పొలంలోనే యాసంగికి గోధుమ వేస్తారు. వరిలో పెరిగిన నాచు చచ్చి మట్టిలో కుళ్లుతూ, దాచిన నత్రజనిని మెల్లగా వదులుతుంది. దాని జిగురు మట్టి రేణువులను పట్టి ఉంచుతుంది. వరి పొలానికి నత్రజని ఇస్తున్నది ఈ నాచేనని పి.కె. డే 1939లోనే రాశారు. ఉత్తరప్రదేశ్ చౌడు నేలలకు గట్లు వేసి, వాన నీరు నిలిపి, నాచుతో బాగు చేయవచ్చని 1950లో ఆర్.ఎన్. సింగ్ ప్రకటించారు. ఇద్దరూ చూసింది నాచును పెరగనిచ్చిన నేలనే.

మనం పొరపడేది అక్కడే. నాచు చల్లి, ఆ వెంటే యూరియా గుమ్మరిస్తాం. గాలిలోని నత్రజనిని పట్టడం నాచుకు ఎంతో శక్తి ఖర్చయ్యే పని. తేరగా దొరుకుతుంటే అది మాత్రం ఎందుకు శ్రమపడుతుంది? ఫలితం రాకపోతే తప్పు నాచు మీదికి తోస్తాం.

మిత్రుడికి చెప్పింది ఇంతే. వానాకాలం అదే పొలంలో వరి వేస్తే అందులో చల్లు, యూరియా కొంత తగ్గించు. గోధుమలో తేడా ఒక్క యాసంగికే తేల్చకు. వరి వేయకపోతే ఈ నాచు మీద డబ్బు పెట్టకు, పశువుల పేడ ఎరువు తోలుకో.