సోఫా విప్పి చూస్తే

సింగపూర్‌లో హెచ్‌డీబీ (ప్రభుత్వ గృహ) బ్లాకుల కింద తరచూ ఓ పాత సోఫా కనిపిస్తుంది. పైనున్న రెక్సిన్ పెచ్చులు పెచ్చులుగా ఊడిపోయి ఉంటుంది. లోపలి చెక్క చట్రం మాత్రం చాలాసార్లు దిట్టంగానే ఉంటుంది. టౌన్ కౌన్సిల్‌కి కబురు చేస్తే మనుషులొచ్చి తీసుకెళ్తారు. అలాంటివి చాలావరకు చివరికి కాల్చేసేవే. ఈ దేశంలో కాల్చిన చెత్త బూడిద చేరేది సెమకావు దీవిలోని డంపింగ్ యార్డుకే. 1999లో మొదలైన ఆ యార్డు 2035 నాటికి నిండిపోతుందని ప్రభుత్వ అంచనా. అది తప్ప మరొకటి లేదు.

గాలిలో తేమ సగటున 80 శాతం దాటే ఊరిది. పాలీయూరిథేన్ పూత వేసిన కృత్రిమ తోలు ఆ వేడికీ తేమకీ రసాయనికంగా విచ్చిపోతుంది. నూనె రాసినా, జిగురు పెట్టినా ఆగదు. చెడింది పైపొరే కాబట్టి దాన్ని మారిస్తే సోఫా బతుకుతుంది. అప్‌హోల్‌స్టరీ, అంటే సోఫాలకూ కుర్చీలకూ గుడ్డ తొడిగే పని, నేర్చుకోవడానికి సింగపూర్‌లో ఇంతకన్నా మంచి కారణం అక్కర్లేదు.

కొత్తవాళ్లు సోఫాతో కాక డైనింగ్ కుర్చీతో మొదలుపెట్టడం మేలు. కుర్చీని తిరగేసి నాలుగు స్క్రూలు తీస్తే సీటు ఊడి చేతికొస్తుంది. అడుగున నల్లగుడ్డ, దాని కింద వరసగా స్టేపిల్ పిన్నులు. వాటిని ఒక్కొక్కటే లేపాలి. ఏది ముందు ఊడిందో ఫోటో తీసిపెట్టుకుంటే, బిగించేటప్పుడు అదే వరస వెనక్కి నడుస్తుంది. పాతగుడ్డను చించకుండా విప్పితే కొత్తగుడ్డ కత్తిరించడానికి అదే కొలత.

బిగించడంలోనే పనితనమంతా. ముందంచు మధ్యలో ఒక పిన్ను, గుడ్డ లాగి వెనకంచు మధ్యలో ఇంకొకటి, తర్వాత అటూ ఇటూ. అక్కణ్నుంచి మూలల వైపు జరగాలి, మూలల మడతలు ఆఖరున. ఒక పక్క ఎక్కువ లాగితే గుడ్డ మీది చారలు వంకరపోయి తప్పు పట్టించేస్తాయి.

పెద్ద సోఫాకి వచ్చేసరికి కంటికి కనిపించనివే అసలు సంగతులు. సీటు కింద అల్లిన పట్టీ మన నవారు మంచం లాంటిదే. సాగితే మళ్లీ బిగించాలి, లేదంటే పైన ఎంత ఖరీదైన గుడ్డ వేసినా సీటు కుంగుతుంది. ఫోమ్ కొనేటప్పుడు వేలితో నొక్కి చూస్తే చాలదు. ఘనపు మీటరుకు ఎన్ని కిలోలన్నది సాంద్రత, గట్టిదనం వేరే లెక్క. మెత్తటి ఫోమ్ కూడా సాంద్రత బాగుంటే ఏళ్ల తరబడి నిలుస్తుంది.

సరదాకి నేర్చుకునేవాళ్లకి ఇంతవరకూ చాలు. వృత్తిగా పెట్టుకోవాలంటే మందపు గుడ్డ కుట్టే మిషన్ మీద చేయి తిరగాలి. గుడ్డ ఎన్ని మీటర్లు పడుతుందో చూసీ చూడగానే చెప్పగలగాలి. పౌరులకు 25 ఏళ్లు నిండితే, కోర్సు ఫీజులకు ప్రభుత్వమిచ్చే స్కిల్స్‌ఫ్యూచర్ క్రెడిట్ 2016 నుంచి ఉంది. 40 నిండినవారికి 2024లో మరో 4,000 డాలర్లు కలిపారు, అయితే ఎంపిక చేసిన కోర్సులకే. చేరేముందు కోర్సు ఆ జాబితాలో ఉందో లేదో చూసుకోవాలి.

అన్నిటికన్నా పెద్ద అడ్డంకి చోటు. ఫ్లాట్ హాల్లో సోఫా విప్పి వారం రోజులు ఉంచలేరు, స్టేపిల్ గన్ను నడిపే గాలి కంప్రెసర్ మోత పక్కింటికి వినిపిస్తుంది. స్వచ్ఛందంగా మరమ్మతులు నేర్పే రిపేర్ కోపిటియామ్ 2014 నుంచీ ఉంది, కమ్యూనిటీ క్లబ్బుల్లో కుట్టు క్లాసులూ నడుస్తున్నాయి. ఆ క్లబ్బుల్లో పేటకొకదానిలోనైనా ఓ పనిబల్ల, కంప్రెసర్, మందపు గుడ్డ కుట్టే మిషన్ పెట్టి, అనుభవమున్న పనివాళ్లని గురువులుగా పిలిస్తే చేరేవాళ్లకు కొదవుండదు.