యోక్టో ఎస్‌డీకేకు కొత్త చేర్పులు

రౌటరునందో, కారు డ్యాష్‌బోర్డునందో, రోగి పడకచెంత నుండు మానిటరునందో ఇమిడియుండు చిన్న బోర్డునకు, తాను నడపవలసిన ప్రోగ్రామును తానే కంపైలు చేసికొనునంత శక్తి సాధారణముగా నుండదు. కావున ఆ కార్యము ఇంటెల్ ప్రాసెసరుగల పెద్ద కంప్యూటరుపై జరుగును. ఫలితము మాత్రము ఆర్మ్ ప్రాసెసరుగల బోర్డుపై నడచును. క్రాస్ కంపైలేషన్ అనబడు ఈ విద్య లినక్స్ కంటెను పాతది. 2010లో లినక్స్ ఫౌండేషన్ ప్రకటించిన యోక్టో ప్రాజెక్టు దీనికొక క్రమము నేర్పరచినది: ప్రతి లైబ్రరీకిని, ప్రతి పనిముట్టునకును ఒక రెసిపీ యుండును, బిట్‌బేక్ అను పనిముట్టు దానిని చదివి, మూలకోడ్‌ను తెచ్చి, కంపైలు చేసి, ప్యాకేజీలుగా విభజించును.

ఆ ప్యాకేజీలనుండి పుట్టిన ఎస్‌డీకే, అనగా బోర్డునకు ప్రోగ్రాములు వ్రాయువారికి కావలసిన పనిముట్ల కూర్పు, ఒకే షెల్ స్క్రిప్టు రూపమున డెవలపరు చేతికి వచ్చును. దానిని నడపినచో లోపల రెండు సిస్‌రూట్‌లు అమరును. ఒకటి హోస్టుది, అనగా డెవలపరు కంప్యూటరుపై నడచు కంపైలరు మున్నగు పనిముట్లు. రెండవది టార్గెటుది, అనగా బోర్డునకు చెందిన లైబ్రరీలు, హెడర్లు. ఇమేజిలో, అనగా బోర్డుపై నెక్కించు వ్యవస్థలో, నున్న ప్యాకేజీల హెడర్లు, డీబగ్ సమాచారము అడుగకయే వచ్చును. స్టాటిక్ లైబ్రరీలు మాత్రము అడిగిననే వచ్చును. ఇమేజిలో లేనిది కావలసివచ్చినపుడే అసలు ప్రశ్న పుట్టుచున్నది.

ఏదో ఒక లైబ్రరీ లేదని తెలియగానే, దానిని వేరొకచోట కంపైలు చేసి సిస్‌రూట్‌లోనికి కాపీ చేయుట పలువురి అలవాటు. ఆ పూటకు పని జరుగును. కాని సహోద్యోగి అదే ఎస్‌డీకేను ఇన్‌స్టాల్ చేసిననాడు ఆ లైబ్రరీ అతనికి ఉండదు, ఏ వెర్షను కాపీ చేసితిమో మనకును జ్ఞాపకముండదు. చేర్పు రెసిపీ ద్వారమున జరుగవలెనను నియమమునందే యోక్టో సంప్రదాయపు విలువ యంతయు నున్నదని నా దృఢాభిప్రాయము.

2008లో గూగుల్ బహిరంగపరచిన ప్రోటోబఫ్‌ను తీసికొందము. సందేశముల స్వరూపమును వర్ణించు ఫైలును చదివి సీ ప్లస్ ప్లస్ కోడ్‌ను పుట్టించు ప్రోటోక్ అను పనిముట్టు డెవలపరు కంప్యూటరుపై నడువవలెను. ఆ కోడ్ ఆధారపడు లైబ్రరీయో, బోర్డునకు చెందినదై యుండవలెను. కనుక టూల్‌చైన్_హోస్ట్_టాస్క్ అను చరరాశికి నేటివ్‌ఎస్‌డీకే-ప్రోటోబఫ్-కంపైలర్‌ను, టూల్‌చైన్_టార్గెట్_టాస్క్‌నకు ప్రోటోబఫ్-డెవ్‌ను చేర్చవలెను. ప్రోటోక్‌ను ఉబుంటునుండి తెచ్చుకొన్నచో ఏమగును? దాని వెర్షను బోర్డు లైబ్రరీకి సరిపడనపుడు, పుట్టిన కోడే హెడరు వెర్షనును పరీక్షించి కంపైలేషనును నిలిపివేయును. ఒకే రెసిపీనుండి రెండును పుట్టినపుడు ఈ వైషమ్యమునకు తావుండదు. రెసిపీలోని బీబీక్లాస్ఎక్స్‌టెండ్‌లో నేటివ్‌ఎస్‌డీకే యని లేనిచో హోస్టురూపము పుట్టదు. అట్టి రెసిపీకి మన లేయరులో, అనగా మన రెసిపీలుండు డైరెక్టరీలో, బీబీఅపెండ్ ఫైలు వ్రాసి ఆ నేటివ్‌ఎస్‌డీకే పదమును చేర్చవలెను.

చరరాశికి ప్యాకేజీ పేరును చేర్చుటకు వాడు అపెండ్ అను ప్రయోగము విషయమున ఒక సూక్ష్మము కలదు. అది ఖాళీని తనంతట చేర్చదు. కొటేషను గుర్తు తెరచిన వెంటనే ఒక స్పేసు విడువనిచో, కొత్త ప్యాకేజీ పేరు ముందున్న పేరునకు అతుకుకొని, ఎచ్చటను లేని ప్యాకేజీ కొరకు బిట్‌బేక్ వెదకి విఫలమగును. 2021లో వెలువడిన 3.4 వెర్షనునుండి అపెండ్‌నకు ముందు అండర్‌స్కోరు పోయి కోలను వచ్చినది. పాత పుస్తకములను చూచి వ్రాయువారు దీనిని మరువరాదు. పిమ్మట ఇమేజి పేరుతో బిట్‌బేక్‌ను పిలిచి, పాపులేట్_ఎస్‌డీకే యను టాస్కును నడపినచో కొత్త ఇన్‌స్టాలరు సిద్ధమగును.

ఈ చేర్పు పంక్తులను లోకల్ కాన్ఫ్ అను అమరికల ఫైలులో వ్రాయుటయు సాధ్యమే. ప్రయోగమునకు అదియే సులువు. కాని ఆ ఫైలు ఒక్కరి కంప్యూటరునకే పరిమితము. కనుక బృందమునకు ఎస్‌డీకేను అందించువారెల్లరు, ప్రయోగము ఫలించిన వెంటనే ఆ పంక్తులను ఇమేజి రెసిపీలోనికి మార్చి, ఆ లేయరును గిట్‌లో భద్రపరచిన తరువాతనే ఇన్‌స్టాలరును పంపవలెనని నా మనవి.